ఫైబర్ తెప్పకి చావు లేదన్నదెవరు?

మా ఉత్తరాంధ్ర వొడ్డున ఏ జాలరిపేటకి వెళ్లినా ఒక మాట వినబడతాది. "కర్రయితే కుళ్లిపోతాది, ఇనుమైతే తుప్పు పడతాది, ఫైబర్‌కి ఏటవుతాది?" అమ్మినోళ్లు ఈ మాట చెప్పే అమ్మేరు. సబ్సిడీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నోళ్లు ఈ మాట చెప్పే ఇచ్చేరు. నాలుగైదేళ్లకి తెప్ప అడుగున బొబ్బలు లేచి, ఇంజిను బిగించిన చోట పగుళ్లు వచ్చి, మోయడానికి నలుగురు చాలని తెప్పకి ఎనిమిదిమంది కావాల్సొస్తే మాత్రం మాట మారిపోతాది. "నువ్వు సరిగ్గా చూసుకోలేదు" అంటారు.

నేను ఇంజినీరుని కాను. కాలేజీ మెట్లెక్కి నేర్చుకున్నది ఏమీ లేదు. మత్స్యకార సంఘాల పనిమీద ఊరూరా తిరుగుతూ, యార్డుల్లో రెసిన్ పూసే కుర్రాళ్లని అడిగి, తెలిసినోళ్ల పక్కన కూచుని మాన్యువళ్లు చదివించుకుని నేర్చుకున్నదే నా చదువు. ఆ చదువు ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది: ఫైబర్‌కీ చావుంది. దాన్ని చంపేవి ఎండా, తడీ. విడివిడిగా వస్తే అది చాన్నాళ్లు ఓర్చుకుంటాది. రెండూ కలిసి వస్తే బేగి లొంగిపోతాది. ఎంత బేగి లొంగిపోతాదన్నది జాలరి వాడకం మీద కొంతే ఉంటాది. ఎక్కువ భాగం ఆ తెప్ప పుట్టిన తొలి రోజుల్లోనే, యార్డులోనే తేలిపోతాది.

తప్పు ఎవరిదని తేల్చే ముందు ఈ ఫైబర్ అంటే ఏటో, దాని లోపల ఏం జరుగుతాదో తెలుసుకోవాల.

పేరు ఒకటి, సరుకులు రెండు

మన తీరానికి ఫైబర్ నిన్నగాక మొన్న వచ్చిందేం కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మొదలెట్టిన బంగాళాఖాతం కార్యక్రమం కిందే, కెరటాల మీదనుంచి నేరుగా ఇసుక మీదకి దిగే ఫైబర్ పడవల నమూనాలు తయారుచేసి మన వొడ్డున తిప్పి చూసేరు. కాని కర్ర తెప్పని పూర్తిగా పక్కకి నెట్టింది మాత్రం 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత వచ్చిన సాయాల వరద. అడవి కర్ర దొరకడం అప్పటికే కష్టం, ధర ఎక్కువ. ఫైబర్ తేలిక, ఇంజిను పెట్టుకోవచ్చు, చీడ పట్టదు. అందులో అబద్ధం ఏమీ లేదు.

మనం ఫైబర్ అని ఒక్క మాటలో అనేస్తాం గాని, అందులో రెండు సరుకులుంటాయి. ఒకటి గాజు పీచు. తెల్లగా పరుపులో దూదిలా కనబడే మ్యాట్టు, గోనెగుడ్డలా నేసిన రోవింగు, రెండూ గాజు పోగులే. రెండోది రెసిన్. డ్రమ్ముల్లో తేనెలా ఉంటాది. హార్డనరు కలిపితే గట్టిపడిపోతాది. మన తెప్పల్లో వాడేది ఎక్కువగా పాలియెస్టర్ రెసిన్.

పాత మట్టిగోడ గుర్తుతెచ్చుకోండి. ఒట్టి మట్టితో గోడ పెడితే పగిలిపోతాది. ఒట్టి గడ్డితో గోడ నిలబడదు. వరిగడ్డి వేసి తొక్కిన మట్టి నిలబడతాది. గడ్డి లాగుడుని ఆపుతాది, మట్టి గడ్డిని పట్టుకుని ఉంటాది. ఇక్కడ గాజు పీచు గడ్డి, రెసిన్ మట్టి. బలమంతా గాజుది. ఆ బలాన్ని పోగునుంచి పోగుకి అందించే పని రెసిన్‌ది.

ఈ రెండింటి మధ్య కంటికి కనబడని మూడోది ఒకటుంది. అదే అతుకు. గాజుకి నీరంటే ఇష్టం, రెసిన్‌కి నూనె స్వభావం. రెండూ వాటంతట అవి కలవవు. అందుకని గాజు పోగు ఫ్యాక్టరీలో తయారైనప్పుడే దానిమీద సిలేన్ అనే మందు సన్నగా పూస్తారు. దాని ఒక చెయ్యి గాజుని, ఇంకో చెయ్యి రెసిన్‌ని పట్టుకుంటాది. తెప్ప ఆయుష్షు సగం ఈ అతుకులోనే ఉంది. తడి కొట్టే పెద్ద దెబ్బల్లో ఒకటి దీనిమీదే పడతాది.

పైన మెరుస్తూ కనబడే రంగు పొర జెల్‌కోట్. అర మిల్లీమీటరు అటూఇటూ ఉంటాది. ఎండకీ నీటికీ మొదటి కాపలాదారు అదే.

ప్లాస్టిక్‌లో నీరు దూరతాదా?

దూరతాది. రెసిన్ గట్టిపడ్డాక కూడా దాని అణువుల గొలుసుల మధ్య సందులుంటాయి. నీటి అణువు చాలా చిన్నది. ఆ సందుల్లోంచి మెల్లగా లోపలికి నడిచిపోతాది. పగులు అక్కర్లేదు, చిల్లు అక్కర్లేదు. వొడ్డున గాలిలో ఉండే తడి కూడా చాలు.

ఈ నడకకి ఒక లెక్కుంది. అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ ఆయన 1855లోనే ఈ రకం వ్యాప్తికి సూత్రం రాసేడు. దాని ప్రకారం మందం రెట్టింపైతే నీరు నిండడానికి పట్టే కాలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతాది. 3 మిల్లీమీటర్ల పొర తడిసిన దానికన్నా 6 మిల్లీమీటర్ల పొర తడవడానికి నాలుగింతల కాలం పడతాది. ఈ లెక్క గుర్తుంచుకుంటే, ఖర్చు కలిసొస్తాదని యార్డులో ఒక మ్యాట్టు పొర తగ్గించడం ఎంత ద్రోహమో అర్థమవుతాది. పోయింది బలం ఒక్కటే కాదు, ఆయుష్షు కూడా.

వేడి పెరిగితే ఈ నడక పరుగవుతాది. పది డిగ్రీలు పెరిగితే చాలా రసాయన మార్పుల వేగం ఇంచుమించు రెట్టింపవుతాదని ఒక మోటు లెక్క. అందుకే చల్లటి దేశాల్లో ముప్పై నలభై ఏళ్లు నడిచిన ఫైబర్ పడవల కథలు చెప్పి ఇక్కడ సరుకు అమ్మడం కుదరదు. వాళ్ల సముద్రం చల్లన, వాళ్ల ఎండ చల్లన. మన బంగాళాఖాతం నీరే ఏడాదిలో ఎక్కువ కాలం 28, 30 డిగ్రీల దగ్గర ఉంటాది.

ఇక్కడ ఒక తికమక తీర్చాల. రెసిన్ తాగే నీరు బరువులో చాలా తక్కువ. మంచి పాలియెస్టర్ పొర నిండా తాగినా నూటికి ఒకటీ రెండు పాళ్లు దాటదు. 400 కిలోల తెప్ప అనుకుంటే ఆ లెక్కన నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. మరి మోస్తుంటే భుజాలు విరిగిపోయేంత బరువెక్కడిది? అది పైపొరలో తాగింది కాదు. తెప్ప బొజ్జలో తేలడానికని నింపిన థర్మాకోల్ గదుల్లోకి, మూత అతుకుల్లోంచీ బోల్టు చిల్లుల్లోంచీ దిగి నిలిచిపోయిన నీరు. అది వేరే జబ్బు. కాని ఆ నిలవ నీరే లోపలివైపునుంచి పొరని రాత్రీపగలూ నానబెడతాది. పైనేమో జెల్‌కోట్ కాపలా ఉంది. లోపలివైపు ఏ కాపలా లేదు.

వానాకాలం అప్పడం

తడి మొదట చేసే పని రెసిన్‌ని మెత్తబరచడం. వానాకాలం అప్పడం డబ్బా మూత తీసి ఉంచితే ఏమవుతాది? విరగాల్సిన అప్పడం వంగుతాది. నీటి అణువులు రెసిన్ గొలుసుల మధ్య దూరి వాటిని ఒకదానిమీద ఒకటి జారేలా చేస్తాయి. దాంతో గట్టిదనం తగ్గుతాది.

ప్రతి రెసిన్‌కీ ఒక వేడి హద్దుంటాది. ఆ హద్దు దాటితే గాజులా గట్టిగా ఉన్నది తోలులా మారిపోతాది. చవకరకం ఆర్థో పాలియెస్టర్‌కి ఆ హద్దు సుమారు 60, 70 డిగ్రీల దగ్గర. కొంచెం ఖరీదైన ఐసో పాలియెస్టర్‌కి 90, 100 దగ్గర. తడి చేరితే హద్దు కిందకి దిగుతాది. ఎపాక్సీ రకం రెసిన్లలో నూటికి ఒక పాలు నీరు చేరితే హద్దు దాదాపు 20 డిగ్రీలు పడిపోతాదని చెప్తారు.

ఇప్పుడు మన వొడ్డున లెక్క చూడండి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిషేధం. దాన్ని నేను తప్పుపట్టను. కాని ఇంజిను తెప్పలన్నీ ఏడాదిలో అతి పెద్ద ఎండల్లోనే, నీడ లేని ఇసుకమీద బోర్లా వెల్లకిలా పడుంటాయి. గాలిలో 38, 40 డిగ్రీలుంటే ముదురు నీలం, నలుపు రంగు పూసిన ఫైబర్ పైభాగం 65, 70 డిగ్రీలు చేరగలదు. తెల్లరంగుదైతే దానికన్నా పదిహేను ఇరవై డిగ్రీలు తక్కువుంటాది. ఆర్థో రెసిన్ హద్దు ఎక్కడుందో, ముదురురంగు తెప్ప వీపు ఎక్కడుందో పక్కపక్కన పెట్టుకోండి. తేడా ఏటుంది? పైగా అది అప్పటికే నెలల తరబడి నీరు తాగి వచ్చి పడుకున్న తెప్ప. ఆ మెత్తబడ్డ పొట్ట రెండు రాళ్లమీదో, రెండు దుంగలమీదో ఆనితే అక్కడే నొక్కుకుపోయి ఆకారం మారతాది.

వేడికి ఇంకో గుణం ఉంది. గాజూ రెసినూ ఒక్కలా సాగవు. ఒకే వేడికి గాజు సాగినదానికన్నా రెసిన్ పదింతలకి పైనే సాగుతాది. పగలు ఎండ, సాయంత్రం గాలి, మధ్యలో ఒక జల్లు. రోజూ సాగుడూ ముడుచుకునుడూ. ఒకటి సాగుతుంటే పక్కది సాగకపోతే మధ్యనున్న అతుకు లాగుడు పడతాది. ఏళ్ల తరబడి ఇలా లాగితే కంటికి ఆనని పగుళ్లు పుడతాయి. ఆ పగుళ్లే తర్వాత నీటికి తోవలు.

మెత్తబడడం వరకు నయమే. అప్పడాన్ని మళ్లీ ఎండబెడితే గట్టిపడినట్టు, నీడన ఆరబెడితే రెసిన్ కూడా చాలామట్టుకు తేరుకుంటాది. తేరుకోనివి వేరే ఉన్నాయి.

తేరుకోని దెబ్బలు

పాలియెస్టర్ అన్న పేరులోనే ఎస్టర్ ఉంది. ఆమ్లమూ ఆల్కహాలూ కలిస్తే ఎస్టర్, కలిసినప్పుడు నీరు బయటికి పోతాది. నీరూ వేడీ మళ్లీ వచ్చి చేరితే కథ వెనక్కి నడుస్తాది. గొలుసు తెగి ఆమ్లం ఒకవైపు, ఆల్కహాలు ఒకవైపు విడిపోతాయి. దీన్నే హైడ్రాలసిస్ అంటారు. ఇందులో ఉన్న పీడ ఏటంటే, పుట్టిన ఆమ్లం ఊరకుండదు. పక్క గొలుసులు తెగడానికి అదే సాయపడతాది. అంటే మొదలవడం నెమ్మదిగా మొదలైనా, పోనుపోను జోరు పెరుగుతాది. తెగిన గొలుసు ఎన్ని ఎండల్లో ఆరబెట్టినా మళ్లీ అతకదు.

రెండో దెబ్బ అతుకు మీద. గాజుకి నీరంటే ఇష్టమని చెప్పేను కదా. రెసిన్ దాటి వచ్చిన నీరు గాజు పోగు అంచుకి చేరి సిలేన్ పట్టుని మెల్లగా విడగొడతాది. విడిన చోట సన్నని గొట్టంలాంటి సందు ఏర్పడి, దీపం వత్తి నూనె పీల్చినట్టు, పోగు పొడవునా నీరు పాకిపోతాది. అందుకే కోసి ఒగ్గేసిన అంచులు, బోల్టుకి కొట్టిన చిల్లులు, ఇసుకమీద ఈడ్చి ఈడ్చి జెల్‌కోట్ అరిగిపోయి పీచు తేలిన అడుగుభాగం, ఈ మూడూ తెప్పకి తెరిచిన నోళ్లు. అతుకు పోతే గాజు గాజే, రెసిన్ రెసినే. గడ్డి ఊడిన మట్టిగోడ.

మూడో దెబ్బ గాజుకే తగులుతాది. గాజు నీటికి కరగదనుకుంటాం. కాని తడిలో ఉంటూ బరువు లాగుతున్న గాజు పోగుమీద కంటికి కనబడని గీతలు మెల్లగా లోతవుతాయి. పొడిగా ఉంటే ఎన్నో ఏళ్లు ఓర్చే లాగుడుకి తడిలో ముందుగానే తెగిపోతాది. ఇంజిను బిగించిన వెనకపలక చూడండి. అదురుడు, లాగుడు, ఉప్పునీరు, బోల్టు చిల్లులు, అన్నీ ఒకేచోట. పగుళ్లు అక్కడే ముందు ఎందుకొస్తాయో ఇంక వేరే చెప్పక్కర్లేదు. పలక ఊడేది వొడ్డున కాదు, కెరటం మీద ఇంజిను ఎక్కించినప్పుడు. అప్పుడు తెప్పమీద ఉండేది మన మనుషులు.

బొబ్బ లోపల ఏముంది?

జాలరోళ్లకి బొబ్బల సంగతి చెప్పడం సులువు. ఎండుచేప చేసే ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. చేపకి ఉప్పు పట్టిస్తే లోపలి నీరు బయటికొస్తాది. నీరెప్పుడూ పలచన ఉన్న వైపునుంచి చిక్కన ఉన్న వైపుకి పోతాది. మధ్యలో పొర ఉన్నా దాటుకుని పోతాది.

తెప్పలో కూడా ఇదే. రెసిన్ సరిగ్గా గట్టిపడని చోట, గాలిబుడగలు మిగిలిన చోట, పీచు సరిగ్గా తడవని చోట, నీటిలో కరిగే చిల్లర సరుకు మిగిలిపోతాది. హైడ్రాలసిస్‌లో పుట్టిన ఆమ్లాలూ, గ్లైకాలూ దానికి తోడవుతాయి. లోపలికి దూరిన నీరు వాటిని కరిగించి చిక్కటి పానకం చేస్తాది. బయట నీరు పలచన, లోపల పానకం చిక్కన. జెల్‌కోట్ మధ్యలో చేప చర్మంలాంటి పొర. ఇంకేముంది, నీరు లోపలికే లాగుకుంటాది. ఒత్తిడి పెరిగి జెల్‌కోట్ ఉబ్బుతాది. ఆ బొబ్బని చితిపితే పుల్లటి, ఘాటు వాసన నీరు కారుతాది. ఒక్కోసారి చిమ్ముతాది కూడా. ఆమ్లం కాబట్టి కళ్లు జాగ్రత్త.

ఇందులో చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. బొబ్బలు లేపడంలో ఉప్పునీటికన్నా మంచినీరే చెడ్డది. సముద్రపు నీరు కొంత చిక్కనిదే కాబట్టి లోపలికి లాగే జోరు తక్కువ. వాననీరు బొత్తిగా పలచన, జోరు ఎక్కువ. అంటే వొడ్డున వెల్లకిలా ఒగ్గేసిన తెప్పలో నిలిచి, మర్నాటి ఎండకి వెచ్చబడే వాననీరు తెప్పకి సంద్రంకన్నా పెద్ద శత్రువు. వేట లేనప్పుడు తెప్ప విశ్రాంతి తీసుకుంటున్నాదని మనం అనుకుంటాం. అది అప్పుడే ఎక్కువ దెబ్బ తింటున్నాది.

జాతకం రాసేది యార్డులో

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పైన చెప్పిన ప్రతి దెబ్బా రెసిన్ ఎంత పూర్తిగా గట్టిపడింది, పీచు ఎంత బాగా తడిసింది, పొరల మధ్య ఎంత గాలి మిగిలింది అన్నదానిమీద ఆధారపడి ఉంది. ఇవన్నీ తెప్ప సంద్రం ముఖం చూడక ముందే అయిపోయే పనులు.

రెసిన్ ముట్టుకుంటే గట్టిగా తగలడానికి గంటలు చాలు. లోపల గొలుసులన్నీ పూర్తిగా ముడిపడడానికి వారాలు పడతాది. వేడి గదిలో పెట్టి ఆరబెడితే ఆ కాలం తగ్గుతాది. అన్నం పొంగు రాగానే దించేస్తే ఏమవుతాది? పైన ఉడికినట్టే ఉంటాది, నలిపితే పలుకు తగులుతాది. పలుకున్న తెప్పని సంద్రంలోకి దించితే నీటికి తోవ చూపించి పంపినట్టే.

పలుకు ఎందుకు మిగులుతాది? గాలిలో తడి ఎక్కువున్న రోజు పని చేస్తే. మ్యాట్టు చుట్టలు పాకలో చెమ్మ పట్టి ఉంటే. హార్డనరు కొలవకుండా మూతలతో పోస్తే. అది నూటికి ఒకటి నుంచి రెండు పాళ్లు ఉండాల. తగ్గితే ఉడకదు, మించితే వేడెక్కి పగుళ్లిస్తాది. పలచగా పారాలని రెసిన్‌లో స్టైరీన్ ఎక్కువ కలిపినా, బరువు తూగాలని సుద్దపొడి కలిపినా అంతే.

మన దగ్గర తెప్పల ఆర్డర్లు ఎప్పుడు గుత్తంగా వస్తాయి? తుఫాను పోయేక. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖమీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళంమీద పడింది. రెండూ అక్టోబరే. పరిహారం, సబ్సిడీ, దాతల సాయం, అన్నీ ఆ వెనకే వస్తాయి. గాలి తడితో బరువుగా ఉన్న రోజులు. ఇల్లు గడవాలంటే జాలరికి తెప్ప రేపే కావాల. ఫొటో దిగాలంటే ఇచ్చేవాళ్లకి మర్నాడే కావాల. ఒక మోల్డుమీద వారంలో ఎన్ని దించితే యార్డుకి అంత లాభం. ఈ మూడు తొందరలూ కలిసి తెప్పని పచ్చిమీదే మోల్డునుంచి ఊడదీయిస్తాయి. నేను పని చేసే కుర్రాళ్లని నిందించడం లేదు. ముక్కుకి గుడ్డ కూడా లేకుండా స్టైరీన్ ఆవిరి పీలుస్తూ రోజుకూలికి పని చేసేవాళ్లు వాళ్లు. ఎంత బేగి దించాలో చెప్పేది వాళ్లు కాదు.

విమానానికి ఒక లెక్క, తెప్పకి ఒక లెక్క

ఈ సంగతులు శాస్త్రానికి కొత్తేం కాదు. బోయింగ్ 787 విమానం బరువులో సగం ఇలాంటి పీచు-రెసిన్ సరుకే. మన తేజస్ యుద్ధవిమానంలో కూడా అది 45 శాతం దాకా ఉంది. అక్కడ వాడేది కార్బన్ పీచు, మేలురకం రెసిను. అయినా నమ్మి ఊరుకోరు. ముక్కలు కోసి, వేడిలో తేమ నిండేదాకా నానబెట్టి, ఆ తడిమీదే మళ్లీ వేడి చేసి, అప్పుడు విరిచి చూస్తారు. పొడిగా ఉన్నప్పటి బలం కాదు, వేడీ తడీ కలిసి పీల్చేసేక మిగిలిన బలమే లెక్క. ఆ మిగిలిన బలం చాలేలాగే రెక్క మందం కడతారు.

విమానం, తెప్ప ఒకటి కావు. విమానానికి పెట్టే ఖర్చు తెప్పకి పెట్టమని ఎవరూ అడగడం లేదు. కాని మాట ఒకటే. ఆకాశంలో ఎగిరేవాడి ప్రాణానికి తడి లెక్క ఉంది. కెరటం మీద పోయేవాడి ప్రాణానికి సబ్సిడీ లెక్క ఒక్కటే ఉంది. తెప్ప ఇచ్చినప్పుడు పొడుగెంత, ఇంజిను ఎన్ని గుర్రాలది, ఫొటో దిగేరా, ఇవి చూస్తారు. రెసిన్ ఏ రకం, ఎన్ని పొరలు, ఎన్ని రోజులు ఆరింది, ఆ కాగితం జాలరి చేతికి అందదు.

మనం అడగాల్సింది

ఒకటి. ప్రతి తెప్పకీ పుట్టుక కాగితం ఉండాల. రెసిన్ రకం, గాజు పొరల లెక్క, పని చేసిన తేదీలు, ఆ రోజుల వేడీ తేమా, మోల్డునుంచి దించిన రోజు, అందులో రాయాల. ఒక నకలు జాలరి దగ్గర ఉండాల.

రెండు. ప్రతి తెప్పనుంచి అరచెయ్యంత ముక్క దాచాల. చిల్లు కోసినప్పుడు ఊడే ముక్క చాలు. దాన్ని కాల్చితే రెసిన్ పోయి గాజు మిగులుతాది. తూచితే గాజు ఎంత వేసేరో తెలిసిపోతాది. ఆ ముక్క అబద్ధం చెప్పదు.

మూడు. అప్పగించే ముందు బార్కోల్ మీటరుతో గట్టిదనం చూపించాల. అరచేతిలో పట్టే పరికరం అది. రెసిన్ కంపెనీ చెప్పిన గట్టిదనంలో కనీసం 90 శాతం రాకపోతే తెప్ప ఇంకా పచ్చి అన్నమాటే. తీసుకోకూడదు. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకి విశాఖలోనే కేంద్రం ఉంది. అలాంటి సంస్థల చేత పరీక్ష చేయించి తర్వాతే బిల్లు కట్టాల.

నాలుగు. తుఫాను సాయం కింద ఇచ్చే తెప్పకి ఆరే గడువు కలిపి లెక్క కట్టాల. ఆ గడువులో జాలరి ఇంటికి భృతి ఇవ్వాల. ఆకలితో ఉన్నవాడు పచ్చి తెప్ప వద్దని అనలేడు.

అయిదు. వేట నిషేధం 61 రోజులూ తెప్పలకి నీడ. రేకుల షెడ్డు అక్కర్లేదు, గాలాడే పందిరి చాలు.

మన చేతిలో ఉన్నవీ కొన్నున్నాయి. తెప్పని ఒకవైపు వంచి పెట్టి వాననీరు నిలవకుండా చూడాల. పైన కొబ్బరాకులో పాత వలో కప్పాల. గాలి చొరబడని ప్లాస్టిక్ పట్టా గట్టిగా చుట్టేస్తే లోపల ఆవిరి పట్టి మరీ చెడ్డ. రంగు వేయిస్తే తెలుపో లేతరంగో వేయించాల. రూపాయి బిళ్లతో తట్టుకుంటూ వెళ్లాల. ఖంగుమంటే గట్టి, బొదబొదమంటే లోపల పొర విడింది. బొబ్బకి పైన రెసిన్ పూసి కప్పేయకూడదు. అది పుండుమీద పిండి రాసినట్టే. తెరిచి, మంచినీటితో బాగా కడిగి, వారాల తరబడి నీడన ఆరబెట్టి, అప్పుడు పూడ్చాల. నిషేధ కాలం దీనికి సరిపోతాది. ఏడాదికోసారి తెప్పని కాటా వేసి బరువు రాసుకుంటే నీరు ఎక్కడికో చేరుతున్నాదన్న సంగతి ముందే తెలుస్తాది.

మన పెద్దలకి ఈ చదువు లేదనుకోవద్దు. కర్ర తెప్పలో వేటకెళ్లొచ్చేక తాళ్లు విప్పి, దుంగలు విడదీసి, వొడ్డున ఆరబెట్టేవారు. కర్ర నీరు తాగుతాదని వాళ్లకి తెలుసు, తాగిన నీరు కక్కించాలనీ తెలుసు. ఫైబర్ వచ్చేక ఆ అలవాటు పోయింది. ఎందుకు పోయిందంటే దీనికి నీరు తగలదని మనకి చెప్పేరు కాబట్టి. సరుకు మారితే దాని గుణం చెప్పాల్సిన బాధ్యత ఇచ్చినవాడిది. చెప్పకుండా ఇచ్చి, పాడయ్యేక "నువ్వు చూసుకోలేదు" అనడం న్యాయం కాదు.

ఈసారి మీ పేటకి తెప్పల పంపిణీ వచ్చినప్పుడు దండలూ ఫొటోలూ అయ్యేక ఒక్క ప్రశ్న అడగండి: "అయ్యా, ఇది ఎన్ని రోజులు ఆరింది?" జవాబు చెప్పలేకపోతే, ఆ కాగితం వచ్చేదాకా సంతకం పెట్టకండి.